మూడు వేల నూటపన్నెండు పుట్టినరోజులు

ఆ రోజు ఉదయం ఒకటో కౌంటరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా తొడుక్కోవాలి. తొమ్మిదింటికల్లా దుకాణం చేరాలి. సాయంత్రం పక్కనున్న బేకరీలో ఒక కేకు ముక్క కొనుక్కుని, అక్కడే నిలబడి తిని, ఇంటికి వెళ్లి పడుకోవాలి. ఆ రోజుతో అతనికి యాభై ఒకటి నిండుతాయి. ఆ సంగతి ఈ భూమ్మీద అతనొక్కడికే తెలుసు. తెలిసిన రెండో మనిషి, అంటే వాళ్లమ్మ, పోయి పన్నెండేళ్లు దాటింది.

మనిషికి పేరు లేకపోలేదు. మూడంతస్తుల ఇంటి సామాన్ల దుకాణంలో, గుమ్మానికి ఎదురుగా ఉన్న మొదటి బిల్లింగు కౌంటరులో పదిహేనేళ్లుగా కూర్చుంటున్నాడు కనుక ఓనరుగారు "ఒకటో కౌంటరు" అనడం మొదలుపెట్టారు. మిగతావాళ్లు అందుకున్నారు. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా అడిగి అడిగి విసిగి మానేశారు. రోజుకు రెండు వందల మందితో మాట్లాడతాడు, అందరితోనూ ఒకటే మాట: "సంచీ కావాలాండీ?" ఇంటికి వెళ్లాక ఆ మాట అడగడానికి కూడా ఎవరూ ఉండరు. తలుపు గడియ వేసి రేడియో పెట్టుకుంటాడు. రేడియోలో వాళ్లు తననేమీ అడగరు కనుక హాయిగానే ఉంటుందని తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. ఉండదు.

దుకాణానికి కూడా అది ముఖ్యమైన రోజే. పాత కంప్యూటర్లు పక్కనబెట్టి కొత్త బిల్లింగు యంత్రాలు మొదలుపెట్టే రోజు. పాత కంప్యూటర్లలో మూడు జాబితాలుండేవి. కొనేవాళ్లది ఒకటి, సరుకుది ఒకటి, పనిచేసేవాళ్లది ఒకటి. ఆ మూడూ ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేని తోటికోడళ్లలా ఇన్నాళ్లూ గడిపేశాయి. వాటిని కొత్త యంత్రంతో కలిపే పని సాఫ్ట్‌వేరావిడది. ముప్పై నాలుగేళ్లావిడ. పెద్ద కంపెనీ ఉద్యోగం మానేసి సొంతంగా పని పెట్టుకుంది, ఈ దుకాణమే మొదటి బేరం. మూడు వారాలుగా మెట్ల కింద గదిలో కూర్చుని పనిచేస్తోంది, డబ్బాలో తెచ్చుకున్నది అక్కడే తింటోంది. వారం కిందట ఆవిడ ఒకటో కౌంటరు దగ్గరికి వచ్చింది.

"పాత డేటాలో తప్పులేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పేయండి సార్. అన్నీ కలిపేశాక బయటపడితే చాలా కష్టం."

సరిగ్గా అప్పుడే ఓనరుగారు పక్కన నిలబడి ఉన్నారు.

"తప్పులా? అబ్బే, ఏం లేవు మేడం," అన్నాడు ఒకటో కౌంటరు.

ఉంది. తప్పు ఒక్కటే, కాకపోతే మూడు వేల చోట్ల ఉంది. పాత కంప్యూటర్లో కొత్త కస్టమరును ఎక్కించాలంటే పేరు, ఫోను నంబరుతోపాటు పుట్టిన తేదీ కూడా నింపాలి. ఆ గడి ఖాళీగా ఉంటే యంత్రం ముందుకు కదలదు. ఇటు చూస్తే, "దువ్వెన కొంటే పుట్టినరోజెందుకయ్యా నీకు?" అని కస్టమరు మీద పడేవాడు. వెనక వరుస పెరిగిపోయేది. మోమాటస్థుడైన మన ఒకటో కౌంటరు అడగడం మానేసి, తనకు తెలిసిన పుట్టినరోజు కొట్టేవాడు. అతనికి తెలిసిన పుట్టినరోజు ఒక్కటే. పన్నెండేళ్లలో ఆ నాలుగు అంకెలు వేళ్లకు ఎంత అలవాటయ్యాయంటే, కస్టమరు నోరు తెరిచి తన తేదీ చెబుతున్నా ఇతని వేళ్లు వినిపించుకునేవి కావు.

ఇదంతా ఎవరికీ తెలియకుండానే పోయేది. కానీ కొత్త యంత్రం పుట్టినరోజులు కూడా చూసుకుంటుందని విన్నప్పుడు ఓనరుగారికి ఒక ఆలోచన వచ్చింది. ఎవరి పుట్టినరోజున వాళ్ల ఫోనుకు ఉదయం ఏడింటికి ఒక సందేశం వెళ్లాలి. "మీ పుట్టినరోజు మా ఇంటి వేడుక. ఈ రోజే దుకాణానికి రండి, మీ బహుమతి అందుకోండి. ఇట్లు, మీ ఆత్మీయ కుటుంబం." బహుమతి అంటే మూడు వేసవులుగా అమ్ముడుపోని వంగపండు రంగు నీళ్ల సీసా. అలాంటివి రెండు వందలున్నాయి. రోజుకు ఏ ఏడెనిమిది మందో వస్తారని ఆయన అంచనా. ఈ సంగతి సాఫ్ట్‌వేరావిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్లను ఆశ్చర్యపరచడం ఓనరుగారికి మహా ఇష్టం. తను ఆశ్చర్యపడటం మాత్రం అస్సలు గిట్టదు.

తొమ్మిదింపావుకు షట్టరెత్తేసరికి బయట నలభై మంది ఉన్నారు. కొత్త యంత్రాలు చూడటానికి వచ్చారేమో అనుకున్నాడు ఒకటో కౌంటరు. ఒక లావుపాటి మనిషి తోసుకుంటూ ముందుకొచ్చి ఫోను చూపించాడు.

"పుట్టినరోజు గిఫ్టంట, ఇవ్వండి."

ఒకటో కౌంటరు గుండె ఒక్కసారి గెంతేసింది. తన తేదీన పుట్టిన మనిషిని యాభై ఏళ్లలో మొదటిసారి చూస్తున్నాడు. "ఇవాళేనాండీ మీ పుట్టినరోజు? ఎంత విచిత్రం! నాది కూడా..." అనబోయాడు.

"నాదా? నాది నవంబర్లో. మీరు రమ్మన్నారు, వచ్చాను. తేదీల గొడవ నాకెందుకు చెప్పండి," అన్నాడు లావుపాటాయన.

వెనకావిడ కూడా ఫోను చూపించింది. ఆవిడ వెనకాయన కూడా. వరుస పొడుగునా ఫోన్లు పైకి లేచాయి. ఒకటో కౌంటరుకు అప్పుడర్థమైంది. నీలం చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

కౌంటరు కింద సీసాల పెట్టె ఉంది. పైన ఓనరుగారి చేతిరాతతో ఒక చీటీ: ప్రతి ఒక్కరినీ చిరునవ్వుతో "పుట్టినరోజు శుభాకాంక్షలండీ" అని పలకరించవలెను. ఇది చాలదన్నట్టు, పుట్టినరోజు కస్టమరు నంబరు కొట్టగానే కొత్త యంత్రం ఒక పాట వాయిస్తుంది. పాట ఇరవై సెకన్లు. అది అయిపోతేనే బిల్లు బయటికొస్తుంది. ఆ ఇరవై సెకన్లూ ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడాలి. పది గంటలయ్యేసరికి ఒకటో కౌంటరు నూటపది మందికి శుభాకాంక్షలు చెప్పాడు. తేలు కుట్టిన దొంగలా పళ్ల బిగువున నవ్వుతూనే చెప్పాడు.

అంతలో భార్యాభర్తలిద్దరు వచ్చారు. భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు. భార్య చేతిలో అతని ఫోను ఉంది.

"మీరు చెప్పండి. ఈయన పుట్టినరోజు ఇవాళా, మార్చిలోనా? పెళ్లయిన దగ్గర్నుంచీ మార్చి అనే చెప్తున్నాడు నాకు."

"అన్నా, తప్పు పడిందని చెప్పన్నా, నీకు పుణ్యముంటుంది," అని బతిమాలాడు భర్త.

"షాపువాళ్లకి నిజం చెప్పి పెళ్లానికి అబద్ధం చెప్తాడా మనిషన్నవాడు? ఇన్నేళ్లూ మార్చిలో నేను చేసింది ఎవరి పుట్టినరోజు మరి?"

తప్పు పడిందని చెప్తే, ఎవరు వేశారన్న ప్రశ్న వస్తుంది. చెప్పకపోతే ఒక కాపురం కూలుతుంది. ఒకటో కౌంటరు గొంతు సవరించుకున్నాడు. "కొందరికి రెండుంటాయమ్మా. ఇంట్లో చెప్పేది ఒకటి, కాగితం మీద ఉండేది ఒకటి. ఇంట్లోదే అసలుది. మీకు చెప్పిందే నిజం."

ఆవిడ కాసేపు ఆలోచించి చల్లబడింది. రెండు పుట్టినరోజులున్నవాడికి రెండు సీసాలు రావాలని అడిగి పుచ్చుకుంది. మొగుడు చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్లాడు.

పదకొండింటికి సీసాలు అయిపోయాయి. ఓనరుగారు పరుగున వచ్చి, రంగు మగ్గులివ్వమన్నారు. మగ్గులు పన్నెండున్నర దాకా వచ్చాయి. తర్వాత సబ్బు పెట్టెలు, బట్టల క్లిప్పులు, చీపుళ్లు. రెండింటికి ఒక పెద్దమనిషికి పాట వినిపించి, శుభాకాంక్షలు చెప్పి, బాత్రూము కడిగే బ్రష్షు చేతిలో పెట్టవలసి వచ్చింది. వరుస రోడ్డెక్కింది. దాన్ని చెదరగొట్టడానికి ట్రాఫిక్ పోలీసు ఒకాయన ఈల వేసుకుంటూ వచ్చాడు. లోపలికొచ్చాక ఈల తీసి జేబులో వేసుకుని, ఫోను చూపించి, "నాక్కూడా వచ్చిందండీ," అన్నాడు మెల్లగా. అతనికి దుమ్ము దులిపే గుడ్డ దక్కింది.

రెండున్నరకు ఒక ముసలావిడ కర్ర పట్టుకుని, ఒక్కతే, నెమ్మదిగా కౌంటరు దాకా వచ్చింది.

"ఇందులో ఏదో రాశారట. పక్కింటమ్మాయి చదివి చెప్పింది. నేను పుట్టింది ఇవాళేనా నాయనా?"

"అలాగే ఉంది మామ్మగారూ," అన్నాడు.

"మీకెట్లా తెలిసింది? మా అమ్మకే తెలీదు. పెద్దవానల్లో పుట్టావనేది, అంతే. డెబ్భై ఎనిమిదేళ్లకి ఇప్పటికి తేలిందన్నమాట!" యంత్రం పాట వాయిస్తుంటే ఆవిడ కళ్లు మూసుకుని పూర్తిగా వింది. తర్వాత అతని చెయ్యి పట్టుకుంది. "చల్లగా ఉండు. మరి నీ పుట్టినరోజెప్పుడు?"

పన్నెండేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. చెప్పాలని అతనికి ఎంత ఆశ పుట్టిందంటే, నోరు దానంతటదే తెరుచుకుంది. కానీ ఆవిడ భుజం వెనక ఓనరుగారున్నారు, చెవులు రిక్కించి.

"జూన్ ఒకటి, మామ్మగారూ."

"అయ్యో, ఇంకా చాలా రోజులుందే," అని జాలిపడి, సబ్బు పెట్టె తీసుకుని ఆవిడ వెళ్లిపోయింది.

జూన్ ఒకటి పూర్తిగా అబద్ధమూ కాదు. బళ్లో వేసిన రోజున వాళ్లమ్మ అసలు తేదీ చెబుతూనే ఉంది. మాస్టారికి అంత తీరికేది? పిల్లలందరికీ బడి తెరిచిన తేదీ రాసేశారు. ఆ ఏడాది ఆ తరగతి మొత్తం జూన్ ఒకటిన పుట్టింది. ఒకటో కౌంటరు చేసిందీ అదే పని. కాకపోతే మాస్టారు ఎవరికీ తన సొంత పుట్టినరోజు ఇచ్చుకోలేదు.

మూడింటికి బేకరీ బాబాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఓనరుగారికి కృతజ్ఞతలు చెప్పాడు. "మీ దయవల్ల కేకన్నది మిగల్లేదు బాబూ. ఆఖరి ముక్క కోసం ఇద్దరు కొట్టుకున్నారు. రేపటిదాకా షాపు మూసేస్తున్నా." ఒకటో కౌంటరు అప్పుడు ఎవరికో ఆరు వందల నలభయ్యో శుభాకాంక్ష చెబుతున్నాడు. మాట మధ్యలో ఒక్క క్షణం ఆగి, మళ్లీ చెప్పాడు.

నాలుగింటికి సాఫ్ట్‌వేరావిడ వచ్చింది. ఇంకో పనిమీద ఊరవతలకు వెళ్లి, ఓనరుగారి పందొమ్మిది ఫోన్లు చూసుకుని పరుగెత్తుకొచ్చింది. మెట్ల కింద గదిలో ల్యాప్‌టాప్ తెరిచి అరగంట చూసింది. గుమ్మంలో ఓనరుగారు, ఆయన వెనక, తన సీట్లో పక్కవాణ్ణి కూర్చోబెట్టి వచ్చిన ఒకటో కౌంటరు నిలబడ్డారు.

"ఐదు వేల రెండొందల కస్టమర్లలో మూడు వేల నూటపన్నెండు మందికి ఇవాళే తేదీ ఉంది సార్," అంది ఆవిడ.

"ఒకేరోజు మూడు వేల మందా? ఊళ్లో మంత్రసానులు ఏమైపోయి ఉంటారమ్మా ఆ రోజున? నువ్వే ఏదో కలిపి కంగాళీ చేశావు."

"నేను మార్చలేదు సార్. పాత డేటా ఎలా ఉందో అలాగే తెచ్చాను. తప్పుల్లేవని చెప్పారు కూడా."

"పన్నెండేళ్లు ఒక్క రోజు తేడా రాలేదు పాత సిస్టంలో. నువ్వొచ్చావు, వచ్చింది. మా వీధిలో ఇంకో రెండు షాపులవాళ్లు నీ గురించి అడిగారు. రేప్పొద్దున్నే ఫోన్ చేసి చెప్తాను, ఈ అమ్మాయిని గడప తొక్కనివ్వద్దని."

ఆవిడ ల్యాప్‌టాప్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆ రెండు షాపులూ పోతే ఆవిడ మళ్లీ ఎక్కడో ఉద్యోగం అడుక్కోవాలి. ఒకటో కౌంటరు నేల చూశాడు, గోడ చూశాడు. ఈ కౌంటరు పోతే తనతో మాట్లాడే ఆ రెండు వందల మంది కూడా పోతారని తెలుసు. తెలిసే ఒక అడుగు ముందుకేశాడు.

"ఆవిడ తప్పేం లేదు సార్. ఆ తేదీలు నేనే వేశాను. అది నా పుట్టినరోజు."

ఓనరుగారు అతన్ని ఎగాదిగా చూసి, కొత్త యంత్రంలో పనివాళ్ల జాబితా తెరిపించారు. "ఇదిగో, నువ్వే చదువు. జూన్ ఒకటి. ఇందాక ఆ ముసలావిడకీ అదే చెప్పావుగా!"

"అది బడి తేదీ సార్. అసలుది ఇవాళే."

"ఎవరు చెప్పారు?"

"మా అమ్మ."

"అయితే పిలువు."

"లేదు సార్."

"మీ నాన్న?"

"ఆయన అంతకుముందే పోయారు."

"అక్కో, చెల్లో, బాబాయో, స్నేహితుడో? మీ అమ్మ కాక ఈ లోకంలో ఒక్క మనిషి, ఎప్పుడన్నా ఈ రోజున నీకు శుభాకాంక్షలు చెప్పారా?"

ఒకటో కౌంటరు ఆలోచించాడు. నిజాయితీగా, చాలాసేపు ఆలోచించాడు. ఒక మనిషి పుట్టాడనడానికి ఒక సాక్షి అయినా ఉండాలి కదా. ఒక్కరూ దొరకలేదు. అతనికి ఏడుపొచ్చింది కానీ, పని వేళ కనుక ఆపుకున్నాడు.

"చూశావా?" అన్నారు ఓనరుగారు, కాస్త మెత్తబడి. "పాపం ఆడపిల్ల ఇబ్బందుల్లో పడుతుందని అబద్ధం ఆడుతున్నావు. మంచి మనసేలే, కాదనను. కానీ నా దగ్గర రికార్డుంది నాయనా."

అప్పుడే రెండో అంతస్తు సూపర్‌వైజరు రొప్పుతూ దిగొచ్చాడు. "సార్, పైన అరలన్నీ ఖాళీ! ఊరికే చీపురు పుచ్చుకుని పోవడానికి మొహం చెల్లక, తలొకటీ కొనుక్కుపోతున్నారు. ఎప్పటిదో ఆ గాజు దీపాల స్టాకు కూడా పోయింది సార్!"

ఓనరుగారి మొహంలో రంగులు ఒక్కొక్కటే మారాయి. ఆయన కుర్చీ లాక్కుని సాఫ్ట్‌వేరావిడ ఎదురుగా కూర్చున్నారు. "అమ్మా, ఇది నువ్వు కావాలనే పెట్టావా? ముందే చెబితే నేనొప్పుకోనని చెప్పకుండా చేశావు కదూ? ఎంత తెలివమ్మా నీది!"

ఆవిడ ఒకటో కౌంటరు వైపు చూసింది. అతను తలొంచుకున్నాడు. ఆవిడ కూడా ఏమీ మాట్లాడలేదు. ఓనరుగారు అక్కడికక్కడే ఆవిడ కాగితాల మీద సంతకాలు పెట్టి, ఆ రెండు షాపులకూ ఫోన్ చేసి పొగిడి, ఏటా ఇదే రోజున ఇదే వేడుక జరగాలని ప్రకటించారు.

"సార్," అన్నాడు ఒకటో కౌంటరు, ఎందుకంటున్నాడో తనకే తెలియకుండా, "నిజంగానే ఇవాళ నా పుట్టినరోజు సార్."

"ఇవాళ ఎవరిది కాదయ్యా!" అని భుజం తట్టారు ఓనరుగారు. "వచ్చే ఏడు కూడా నువ్వే కూర్చోవాలి. సెలవు పెట్టేవు సుమా."

ఏడింటికి షట్టరు సగం దించారు. ఒకటో కౌంటరు నేలమీద రాలిన బిల్లు కాగితాలు ఏరుతుంటే, సాఫ్ట్‌వేరావిడ బ్యాగు భుజాన వేసుకుని వచ్చి ఆగింది.

"మీ తేదీ సరిచేద్దామని చూశాను. సర్టిఫికెట్ జత చేస్తేగాని తీసుకోవట్లేదు. ఎవరూ ఇష్టమొచ్చిన తేదీ ఎక్కించకూడదని నేనే అలా పెట్టాను."

"ఫర్లేదు మేడం. అలవాటే."

"మీరు చెప్పింది నిజమని నాకు తెలుసు. పాత డేటాలో ఏ తేదీ ఏ రోజున ఎక్కించారో కూడా ఉంటుంది. ఓనరుగారు అడగలేదు, నేను చెప్పలేదు." ఆవిడ బ్యాగు ఇంకో భుజానికి మార్చుకుంది. "మొట్టమొదట ఆ తేదీ పడింది పన్నెండేళ్ల కిందట, సరిగ్గా ఇదే రోజున. ఆ ఒక్క రోజే తొంభై మందికి వేశారు."

ఒకటో కౌంటరు చేతిలోని కాగితాలను మడిచాడు, విప్పాడు. "అమ్మ పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజు మేడం అది. ఎవరికన్నా చెప్పుకోవాలని ఉండింది. పుట్టిన తేదీ ఎప్పుడని ఆ రోజు నన్నడిగింది ఆ కంప్యూటరొక్కటే. అందుకని కొట్టాను. మళ్లీ అడిగింది. మళ్లీ కొట్టాను."

ఆవిడ నేలమీదున్న కాగితాలు రెండు ఏరి అతని చేతికిచ్చింది. తర్వాత, వంగి షట్టరు కిందనుంచి దాటబోతూ, వెనక్కి తిరిగింది.

"పుట్టినరోజు శుభాకాంక్షలండీ."

పొద్దుటినుంచీ వెయ్యిమందికి ఆ మాట చెప్పిన మనిషి, తనకు చెబితే ఏం బదులు చెప్పాలో అలవాటు తప్పి, "మీక్కూడానండీ," అన్నాడు.